మా తిరునాళ్లలో పాడిన పద్యానికి కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది, ఏం చేయాలి?

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):

అందరికీ నమస్కారం. నేను ఒక చిన్న వీడియో ఛానల్ నడుపుతున్నాను. తిరునాళ్లలోనూ, ఉగాది, శ్రీరామనవమి రోజుల్లోనూ మా చుట్టుపక్కల పల్లెల్లో ఆడే పద్యనాటకాలను రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడతాను, అంతకు మించి అందులో ఏమీ ఉండదు. నెల రోజుల కిందట ఆదోని దగ్గర ఒక పల్లెలో పాండవోద్యోగ విజయముల నుంచి రాయబారం ఘట్టం ఆడారు. కృష్ణుడి వేషం కట్టినాయనకు డెబ్భై దాటాయి. రెండో పద్యం చివరి పాదంలో ఆయన రాగం తీస్తుండగానే జనం "వన్స్ మోర్" అని కేకలు పెట్టారు. ఆయన హార్మోనిస్టు వైపు ఒకసారి చూసి, తెర వెనుక నుంచి అందించిన చెంబులో గుక్కెడు నీళ్లు తాగి, అదే పద్యాన్ని మొదటి నుంచి మళ్లీ ఎత్తుకున్నారు. ఆ రెండుసార్లు పాడినదీ నా వీడియోలో ఉంది.

అప్‌లోడ్ చేసిన గంటలోపే ఒక ఆడియో సంస్థ తరఫున క్లెయిమ్ వచ్చింది. 14 నిమిషాల 10 సెకన్ల నుంచి 17 నిమిషాల 35 సెకన్ల వరకు వినిపించేది తమ పాట అనీ, ఆ వీడియో మీద వచ్చే ప్రకటనల ఆదాయం తమకు చెందుతుందనీ దాని సారాంశం. ఇది చాలదన్నట్టు వారం తిరగకముందే రెండో దెబ్బ తగిలింది. పద్యాన్ని రంగస్థలం మీద పలికే తీరుకూ, సినిమాలో పలికే తీరుకూ ఉన్న తేడాను వివరిస్తూ చేసిన 22 నిమిషాల వీడియోలో, ఒక పాత పౌరాణిక చిత్రం నుంచి 48 సెకన్ల క్లిప్ వాడుకున్నాను. ఆ చిత్రం హక్కులు తమవని చెప్పే మరో సంస్థ తొలగింపు నోటీసు పంపింది. వీడియో పోయింది, ఛానల్‌కు ఒక స్ట్రైక్ పడింది. ఆరేళ్లుగా కూడబెట్టిన 300 పైచిలుకు నాటకాల రికార్డింగులు ఆ ఛానల్‌లో ఉన్నాయి. వాటిలో కనిపించే నటుల్లో కొందరు ఇప్పుడు లేరు. దయచేసి తెలిసినవారు దారి చూపండి.

ప్రొద్దుటూరు స్టూడియో:

అన్నా, మేము పెళ్లి వీడియోలు తీసేవాళ్లం కాబట్టి ఇటువంటివి రోజూ చూస్తుంటాం. క్లిప్ 30 సెకన్ల లోపు ఉంటే ఎవరూ ఏమీ అనరు, మీది 48 సెకన్లు కావడంతోనే పట్టుబడి ఉంటుంది. ఆ రెండు వీడియోలనూ తీసేయండి. ఛానల్ నిలబడితే అదే పదివేలు.

కడప న్యాయవాది:

ప్రొద్దుటూరు సోదరుడు మంచి మనసుతోనే చెప్పారు, కానీ ఆ సలహాలో రెండు పొరపాట్లు ఉన్నాయి. 30 సెకన్ల నియమం మన చట్టంలో ఎక్కడా లేదు, అమెరికా చట్టంలోనూ లేదు. అలాగే స్ట్రైక్ పడిన తరువాత వీడియోను తొలగించినంత మాత్రాన స్ట్రైక్ పోదు.

ముందుగా క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు అన్నది గుర్తుంచుకోవాలి. మీ పద్యానికి వచ్చింది కంటెంట్ ఐడీ క్లెయిమ్. హక్కుదారులు ఇచ్చిన రికార్డులతో ప్రతి అప్‌లోడునూ యంత్రం పోల్చి చూసి, పోలిక దొరికితే దానంతట అదే వేసే గుర్తు అది. దానివల్ల ఆదాయం అటు మళ్లవచ్చు, వీడియో కొన్ని దేశాల్లో కనబడకుండా పోవచ్చు, కానీ ఛానల్‌కు మచ్చ పడదు. సినిమా క్లిప్‌కు వచ్చింది చట్టప్రకారం పంపిన తొలగింపు నోటీసు, అందుకే స్ట్రైక్ పడింది. ఒక స్ట్రైక్ 90 రోజులు ఉంటుంది, యూట్యూబ్ వారి కాపీరైట్ పాఠం పూర్తి చేస్తే ఆ గడువు తరువాత తొలగిపోతుంది. ఆ 90 రోజుల్లో మూడు పడితే మాత్రం ఛానల్‌నే మూసివేసే పరిస్థితి వస్తుంది. మీ భయం ఈ మూడు అనే అంకె గురించే అయి ఉండాలి, అది సబబైన భయమే. 2025 మే నెలలో మోహక్ మంగల్ అనే యూట్యూబర్ తన ఛానల్‌పై ఏఎన్ఐ వార్తాసంస్థ వేసిన స్ట్రైకుల గురించి బహిరంగంగా మాట్లాడడం, ఆ సంస్థ పరువునష్టం దావాతో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లడం, దేశమంతా దానిపై చర్చ జరగడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

మీ రెండు సమస్యలకూ జవాబులు వేరు వేరు. అయితే మొదటి దాని గురించి చెప్పే ముందు నాకు ఒక సంగతి తెలియాలి: ఆ నాటక సమాజం వారి నుంచి మీరు రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నారా?

పద్యప్రియుడు (ఆదోని):

నేను తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఆ నాటకం హక్కుల సంగతి నేను చెప్పగలను. దానిని రాసిన తిరుపతి వేంకట కవులలో దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు 1920లోనూ, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గారు 1950లోనూ కీర్తిశేషులయ్యారు. ఇద్దరు కలిసి రాసిన రచనకు చివరగా మరణించిన కవి నుంచి లెక్క మొదలవుతుంది. మరణించిన సంవత్సరానికి మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు లెక్కిస్తే, ఆ పద్యాల మీద హక్కు 2010 డిసెంబరు 31తో ముగిసిపోయింది. కాబట్టి పద్యం ఏ సంస్థదీ కాదు. మన అందరిదీ.

ఇక వరస సంగతి. రాయబారం పద్యాలు ఈనాడు వినిపించే తీరును ఏ ఒక్కరూ కూర్చుని కట్టలేదు. ఒక నటుడు పాడితే మరొకరు విని, తమ గొంతుకు తగ్గట్టు మార్చుకుని, పల్లె పల్లెకూ మోసుకుపోయిన వరసలు అవి. మా నాయన గారి కాలంలో బళ్లారి నుంచి సమాజాలు వచ్చి ఆదోనిలో ఆడితే, మరుసటి వారానికే మా ఊరి కుర్రవాళ్లు ఆ వరసలను అరుగుల మీద పాడుకునేవారట. అటువంటి వరసను ఒకాయన చేత పాడించి, క్యాసెట్ వేసి అమ్మిన సంస్థకు ఆ క్యాసెట్ మీద హక్కు ఉంటుందే తప్ప వరస మీద ఎలా ఉంటుంది?

అయితే పాతది కాబట్టి అంతా ఉచితమే అనుకోవడం కూడా తప్పు. తాళ్లపాక అన్నమాచార్యుల వారు 1503లో పరమపదించారు, సంకీర్తనల సాహిత్యం మీద ఎవరికీ హక్కు లేదు. కానీ మన అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మ గారు ఎన్నో సంకీర్తనలకు స్వరాలు కట్టారు, ఆయన 1979లో స్వర్గస్థులయ్యారు. స్వరకర్త ఆయుర్దాయాన్ని బట్టి లెక్కిస్తే ఆ బాణీల మీద హక్కు 2039 చివరి దాకా నడుస్తుంది. సాహిత్యం, బాణీ, రికార్డింగు మూడింటికీ మూడు లెక్కలు.

ఎడిటింగ్ టేబుల్ (అనంతపురం):

పండితుల వారు చెప్పిన ఈ లెక్కలు యంత్రానికి తెలియవు. కంటెంట్ ఐడీ 2007 నుంచి నడుస్తోంది, రికార్డింగును మాత్రమే కాక బాణీ పోలికను కూడా అది పట్టుకోగలదు. మీ కృష్ణుడు, క్యాసెట్‌లోని కృష్ణుడు ఒకే వరసలో పాడారు కాబట్టి అది ఇద్దరినీ ఒకటిగా భావించి ఉంటుంది. యంత్రం చెప్పినది పోలిక మాత్రమే, తీర్పు కాదు.

క్లెయిమ్ వివరాల పేజీలో డిస్ప్యూట్, అంటే ఆ క్లెయిమ్‌పై అభ్యంతరం, వేసే వీలు ఉంటుంది. క్లెయిమ్ వచ్చిన 5 రోజుల లోపు వేస్తే మొదటి రోజు నుంచి వచ్చిన ఆదాయాన్ని పక్కన నిలిపి ఉంచుతారు, తరువాత వేస్తే వేసిన రోజు నుంచే నిలుపుతారు. మీకు ఆ గడువు దాటింది, ఫరవాలేదు. క్లెయిమ్ చేసినవారికి జవాబు ఇవ్వడానికి 30 రోజులు ఉంటాయి. వారు మాట్లాడకపోతే క్లెయిమ్ రద్దవుతుంది. తిరస్కరిస్తే మీరు అప్పీలు చేయవచ్చు, అప్పుడు వారికి 7 రోజులే గడువు. అప్పీలును కూడా ఒప్పుకోకపోతే వారు తొలగింపు నోటీసు పంపాలి, అక్కడ స్ట్రైక్ ప్రమాదం ఉంది. అందువల్ల అప్పీలు దాకా వెళ్లే ముందు మీ దగ్గర ఉన్న ఆధారాలను ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

నా మాటగా ఒక సలహా. ఆ క్యాసెట్‌ను ఎక్కడైనా సంపాదించి మీ రికార్డింగుతో పక్కపక్కన పెట్టి వినండి. "ఇది మాది కాదు, మీదే తప్పు" అని ఆవేశంగా రాసిన డిస్ప్యూట్లను చదివేవారు పక్కన పడేస్తారు. ఎక్కడ తేడా ఉందో సెకన్లతో సహా చూపిస్తే చదవక తప్పదు.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):

న్యాయవాది గారు అడిగిన ప్రశ్నకు సిగ్గుపడుతూనే జవాబు చెబుతున్నాను. అనుమతి నోటిమాటగానే తీసుకున్నాను. "తీసుకో నాయనా, నలుగురూ చూస్తారు" అన్నారు సమాజం పెద్ద. కాగితం మీద ఏమీ లేదు.

కడప న్యాయవాది:

అదే మన వాళ్లందరూ చేసే పొరపాటు. వేదిక మీద పాడినవారికీ, వాయించినవారికీ చట్టంలోని 38వ సెక్షన్ ప్రకారం ప్రదర్శకుల హక్కు ఉంది, అది ప్రదర్శన జరిగిన మరుసటి ఏడాది నుంచి 50 ఏళ్లు ఉంటుంది. వారి సమ్మతి లేకుండా రికార్డు చేయడమే ఉల్లంఘన అవుతుంది. అందువల్ల ముందుగా ఆ పల్లెకు వెళ్లి, ఏ రోజు ఏ ప్రదర్శనను రికార్డు చేశారో, ఎక్కడ పెట్టారో, ఆదాయం వస్తే ఎవరికి ఎంతో రాయించి, నటులూ వాద్యకారులూ అందరి సంతకాలతో ఒక పత్రం సిద్ధం చేసుకోండి. ఆ సంస్థను "ఈ రికార్డింగు మీదని ఎలా చెబుతారు?" అని అడిగే అర్హత మీకు రావాలంటే, ఆ ప్రశ్న మీకు ఎదురైనా నిలబడగలగాలి.

చిత్రావతి (అనంతపురం):

ఇంతవరకు అందరూ క్లెయిమ్ పడినవారి వైపు నుంచే మాట్లాడారు. నేను అవతలి వైపు నుంచి కూడా చెప్పవలసి ఉంది. నేను జానపదాలు పాడతాను. మా అవ్వ వేరుశనగ కోతల్లో పాడిన ఒక పాటను ఇద్దరు డప్పు వాయిద్యకారులతో కలిసి మూడేళ్ల కిందట నా సొంత ఖర్చుతో రికార్డు చేయించి పెట్టాను. నెల తిరగకముందే నా గొంతునే, నా రికార్డింగునే, పైన వేరే బొమ్మలు అతికించి పదకొండు ఛానళ్లు పెట్టుకున్నాయి. ఒకదానికి నా వీడియో కంటే ఎక్కువ వీక్షణలు ఉన్నాయి. తొలగింపు నోటీసు అన్న సౌకర్యమే లేకపోతే నాబోటి దానికి దిక్కెవరు? ఒక్కొక్క లింకూ నింపి, ఇది నా రికార్డింగు అని ప్రమాణం చేసి, పదకొండింటిలో తొమ్మిదింటిని తీయించాను.

అంతకంటే పెద్ద దెబ్బ తరువాత తగిలింది. నా పాటను ఎత్తుకున్న వారిలో ఒకరు దానిని ఒక డిజిటల్ పంపిణీ సంస్థ ద్వారా తమ పేరుతో నమోదు చేయించుకున్నారు. ఆ నమోదు ఆధారంగా నా సొంత వీడియో మీద నాకే క్లెయిమ్ వచ్చింది! ఆ రోజు రాత్రి నేను అన్నం తినలేదు. చివరికి నన్ను కాపాడినది రికార్డింగు థియేటరు ఇచ్చిన రసీదు, విడివిడి ట్రాకుల అసలు ఫైళ్లు, వాటి మీద ఉన్న తేదీలు. అన్నా, మీ మెమరీ కార్డులను చెరిపేయకండి. ఎడిట్ చేయని అసలు ఫైళ్లను రెండు చోట్ల దాచుకోండి. మేము పేదవాళ్లం, హార్డ్ డిస్కు కొనడం కూడా బరువే అని నాకు తెలుసు, అయినా అది తప్పదు.

పద్యప్రియుడు (ఆదోని):

అమ్మా, మీ అవ్వ పాట ఎవరి పేరునో నమోదు కావడం చదివి మనసు కలుక్కుమంది. నా దగ్గర ఆ రాయబారం క్యాసెట్ ఉంది. తుంగభద్ర ఒడ్డు గారు ఆదోని వచ్చినప్పుడు తీసుకోవచ్చు, వినడానికి టేపు రికార్డరు కూడా నేనే ఇస్తాను.

ప్రొద్దుటూరు స్టూడియో:

30 సెకన్ల విషయంలో నా మాట సరిదిద్దినందుకు న్యాయవాది గారికి కృతజ్ఞతలు. ఒక సందేహం ఉంది. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం సినిమా పాట వాయిస్తుంది, అది మా వీడియోలో పడుతుంది. పెళ్లిలో పాటలకు లైసెన్సు అక్కరలేదని 2023లో కేంద్రం చెప్పిందని విన్నాం. మరి మాకు క్లెయిములు ఎందుకు వస్తున్నాయి?

కడప న్యాయవాది:

పెళ్లి వేడుకలో పాటను వాయించడానికి, వినిపించడానికి మినహాయింపు ఉన్నది నిజమే, 2023 జులైలో కేంద్రం గుర్తు చేసినది ఆ మినహాయింపునే. వేడుక ముగిశాక ఆ వీడియోను లోకమంతా చూసేలా పెట్టడం వేరే పని, దానికి ఆ మినహాయింపు అండగా నిలవదు. పెళ్లివారికి పెన్‌డ్రైవులో ఇచ్చే ప్రతికి సొంత ధ్వని ఉంచి, బయటికి పెట్టే ప్రతికి లైసెన్సు ఉన్న సంగీతం వేసుకోండి.

ఇప్పుడు 48 సెకన్ల సినిమా క్లిప్ సంగతి. మన చట్టంలోని 52వ సెక్షన్ విమర్శ కోసం, సమీక్ష కోసం జరిగే న్యాయమైన వాడుకను ఉల్లంఘన కాదంటుంది. ఎంత వాడారన్నది ఒక అంశం మాత్రమే. ఎందుకు వాడారు, క్లిప్ చుట్టూ మీ విశ్లేషణ ఎంత ఉంది, మీ వీడియో చూసినవారు ఆ సినిమా చూడడం మానేస్తారా అన్నవి అంతకంటే ముఖ్యం. ఒక టీవీ కార్యక్రమంలో గాయని తాను పాడిన సినిమా పాటల నుంచి కొన్ని పంక్తులు పాడిన వ్యవహారంలో, 2012లో ఢిల్లీ హైకోర్టు అంత స్వల్పమైన వాడుకను ఉల్లంఘనగా పరిగణించనక్కరలేదన్న దృష్టితో తీర్పు ఇచ్చింది. 22 నిమిషాల విశ్లేషణలో 48 సెకన్ల ఉదాహరణ చూపిన మీ వాదన బలంగానే ఉంది. "క్రెడిట్ ఇచ్చాను", "ఉల్లంఘించే ఉద్దేశం లేదు" అన్న మాటలు మాత్రం రాయకండి, వాటికి చట్టంలో విలువ లేదు.

మీకు మూడు దారులున్నాయి. 90 రోజులు ఓపిక పట్టడం ఒకటి, నోటీసు పంపినవారినే అడిగి దానిని ఉపసంహరింపజేయడం ఒకటి, తొలగింపు తప్పని యూట్యూబ్‌కు రాసిచ్చే కౌంటర్ నోటిఫికేషన్ ఇవ్వడం ఒకటి. మూడోది అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం కింద నడిచే పద్ధతి. అది ఇచ్చిన తరువాత 10 పనిదినాల లోపు అవతలివారు కోర్టుకు వెళ్లినట్టు చూపకపోతే వీడియోను తిరిగి పెడతారు. కానీ అందులో మీ అసలు పేరు, చిరునామా రాయాలి, అవి అవతలివారికి చేరతాయి. అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని కూడా రాయాలి. అక్కడి కోర్టులూ గుడ్డిగా హక్కుదారుల పక్షం వహించవు. పసివాడు పాటకు గంతులేస్తుండగా తల్లి తీసిన 29 సెకన్ల వీడియో వ్యాజ్యంలో, నోటీసు పంపే ముందు న్యాయమైన వాడుక అవునా కాదా అని ఆలోచించి తీరాలని 2015లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది. అయినా మన చట్టంలోని 62వ సెక్షన్ ప్రకారం ఆ సంస్థ తన కార్యాలయం ఉన్న ఊరి కోర్టులోనే దావా వేయవచ్చు. కర్నూలు నుంచి అంత దూరం వాయిదాలకు తిరగగలరా అన్నది మీరు నిదానంగా ఆలోచించుకోవలసిన విషయం. ఆధారం లేకుండా బెదిరించే వారి మీద మీరే దావా వేసే వీలు 60వ సెక్షన్‌లో ఉంది, కానీ అంత దూరం పోకముందే మర్యాదగా ఒక ఉత్తరం రాసి చూడండి. నా అనుభవంలో సగం తగాదాలు అక్కడే తెగిపోతాయి.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు), ఐదు వారాల తరువాత:

ఆలస్యానికి క్షమించండి. జరిగినది వరుసగా చెబుతాను.

ముందుగా పల్లెకు వెళ్లాను. సమాజం పెద్ద సంతకం పెట్టబోతుంటే హార్మోనిస్టు ఆపి, కాగితం మొత్తం అందరికీ వినబడేలా చదివించారు. చదవడం అయ్యాక "తబలా వాయించిన పిల్లవాని పేరు ఏదీ?" అని అడిగారు. నేను మరిచిపోయాను. పక్కన ఖాళీలో ఆ పేరు రాసిన తరువాతే ఆయన సంతకం పెట్టారు. ఆదాయంలో సగం సమాజానికి అని రాసుకున్నాం.

పండితుల వారి క్యాసెట్ విన్నాను. అందులో పాడినాయనది ఐదు శ్రుతి, మా ఆయనకు ఈ వయసులో నాలుగు దాటడం లేదు. డిస్ప్యూట్‌లో మూడు విషయాలే రాశాను: పద్యం మీద హక్కు 2010తో ముగిసిందన్నది, ప్రదర్శకుల అనుమతిపత్రం నా దగ్గర ఉందన్నది, 15 నిమిషాల 52వ సెకను దగ్గర జనం "వన్స్ మోర్" అని అరవడం, పాట ఆగడం, కృష్ణుడు నీళ్లు తాగడం, అదే పద్యం మళ్లీ మొదలు కావడం స్పష్టంగా కనబడుతుందన్నది. క్యాసెట్‌లో ఆ పద్యం ఒక్కసారే ఉంది. ఇరవై ఆరో రోజున క్లెయిమ్‌ను వదులుకున్నట్టు సందేశం వచ్చింది.

సినిమా క్లిప్ విషయంలో న్యాయవాది గారి సలహా మేరకు ఆ సంస్థకు ఉత్తరం రాశాను, వీడియోలో ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ఏ విషయం చర్చించానో పట్టిక వేసి జత చేశాను. ఇంతవరకు జవాబు లేదు. కౌంటర్ నోటిఫికేషన్ ఇవ్వదలచుకోలేదు, ఇంట్లో అందరితో మాట్లాడాకే ఈ నిర్ణయానికి వచ్చాను. స్ట్రైక్ తొలగడానికి ఇంకా 41 రోజులు ఉన్నాయి. అంతవరకు కొత్త వీడియోలు పెట్టకుండా, పాత 300 నాటకాల నటులను ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వెళ్లి సంతకాలు తీసుకునే పనిలో ఉన్నాను. పోయినవారి ఇళ్లకు కూడా వెళుతున్నాను. నిన్న ఎమ్మిగనూరులో ఒకాయన కొడుకు సంతకం పెట్టే ముందు, తన తండ్రి పాడిన వీడియోను నా ఫోనులో రెండుసార్లు చూశారు.

చిత్రావతి (అనంతపురం):

అన్నా, ఆ అనుమతిపత్రం నమూనాను పేర్లు తీసేసి ఇక్కడ పెట్టగలరా? మా డప్పు వాయిద్యకారులతో నేనూ ఇంతవరకు రాయించుకోలేదు.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):

తప్పకుండా అక్కా. న్యాయవాది గారు ఒకసారి చూసి సరేనన్నాక రేపు సాయంత్రానికి పెడతాను.